కుట్టు బిగిసిన చప్పుడు

ఆ వాక్యం చదివేటప్పటికి మా మాస్టారు ఎవరి కొడుకో నాకు తెలుసా, తెలియదా? ఈ ప్రశ్న నాలో చేరి పాతికేళ్ళు దాటింది. మధ్యలో కొన్నేళ్ళు దాన్ని మరిచిపోయినట్టే బతికాను. పోయిన నెల ఒక మధ్యాహ్నం మా డిగ్రీ క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. అప్పట్లో వెనక బెంచీలో కూర్చుని తరగతినంతా నవ్వించేవాడు, ఇప్పుడు గుంటూరులో విత్తనాల దుకాణం నడుపుతున్నాడు. 

"మాస్టారు పోయారు. పొద్దున కుర్చీలో కూర్చుని పేపరు చదువుతా చదువుతానే... రేపు పదింటికి భూస్థాపన. వస్తావుగా?"

"వస్తాను" అన్నాను. ఫోను పెట్టేశాక ముందు వచ్చింది ఏడుపు కాదు, ఆ ప్రశ్నే. ఇక దాన్ని అడగడానికి ఆయన లేరు.

తొంభైల చివర్లో మాకు డిగ్రీలో ఇంగ్లీషు చెప్పారాయన. తెల్లచొక్కా, ఇస్త్రీ మడత చెదరని ప్యాంటు, లేసులు బిగించిన నల్లబూట్లు. కొత్త మిరపకాయలు దిగే రోజుల్లో కాలేజీ అంతా తుమ్ముతూ ఉంటే ఆయన జేబురుమాలు మడత కూడా విప్పేవారు కాదు. ఎవరినీ 'ఒరేయ్' అనేవారు కాదు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి 'రండి' అని పిలిచి సిగ్గుపడేలా చేసేవారు. ఆయన ఊరేదో, ఇంట్లో ఎవరెవరున్నారో ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

అంత నిదానంగా ఉండే మనిషిలో మాకు వెక్కిరించడానికి దొరికింది ఒకే ఒక్క అలవాటు. జవాబు పత్రాలు దిద్దడం అయ్యాక వాటిని పురికొసతో కట్ట కట్టేవారు. అందరిలా ముడి వేసి ఊరుకునేవారు కాదు. రెండు కొసలూ రెండు పిడికిళ్ళకు చుట్టుకుని, ఒక్క క్షణం ఆగి, మోచేతులు రెండూ పక్కలకు విసిరేవారు. టప్‌మని చప్పుడు. కాగితాల కట్ట నడుం సన్నబడేది. మెల్లగా మాట్లాడే మనిషి చేతుల్లోంచి అంత విసురు ఎక్కడినించి వస్తుందో అర్థమయ్యేది కాదు. ఆయన అటు వెళ్ళగానే వెనక బెంచీవాడు తన సంచి పట్టీ పట్టుకుని మోచేతులు విసిరేవాడు.

"పేపర్లు కట్టడం కాదురా అది, కోడి మెడ విరవడం!" అనేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

శనివారం చివరి గంటను ఆయన మాట గంట అనేవారు. అది సిలబస్‌లో లేనిది. వారానికి ఒకరికి ఒక ఇంగ్లీషు మాట రాసిన చీటీ ఇస్తారు. లైబ్రరీలో అనేక సంపుటాల పెద్ద నిఘంటువు ఉండేది. అందులో ఆ మాట కింద ఉన్నదంతా ఒక కాగితం మీద తెలుగులో రాసుకొచ్చి తరగతిలో చదవాలి.

"ఉన్నదంతా రాయండి" అనేవారు. "నచ్చింది రాసుకుని నచ్చనిది వదిలేస్తే అది మాట చరిత్ర కాదు, మన ముచ్చట."

నా వంతు వచ్చిన వారం బల్ల మీద పెట్టిన చీటీలో 'జర్క్' అని ఉంది. నాకు నవ్వొచ్చింది. మాది ప్రత్తిపాడు వైపు ఊరు. రోజూ గుంటూరుకి బస్సులో వచ్చి వెళ్ళేదాన్ని.

"దీనికి పుస్తకం ఎందుకు సార్? రోజూ మా బస్సులో తింటూనే ఉన్నానుగా."

"తిన్నంత మాత్రాన తెలిసినట్టు కాదమ్మా" అన్నారు. "దాని పుట్టింటికి వెళ్ళి చూసిరా."

లైబ్రరీలో ఆ సంపుటం దింపి ఇస్తూ అటెండరు, "బల్ల మీద పెట్టు తల్లీ, అదే తెరుచుకుంటది" అన్నాడు. నిజంగానే తెరుచుకుంది, సరిగ్గా నాకు కావలసిన పేజీ దగ్గర. అంత లావు పుస్తకంలో వెతుక్కునే పని తప్పిందని సంతోషించాను. ఎందుకు అక్కడే తెరుచుకుందని అప్పుడు ఆలోచించలేదు.

ఆ పేజీలో మూడు గంటలు కూర్చున్నాను. అంత చిన్న మాటకు అన్ని ఇళ్ళు ఉంటాయని నాకు తెలియదు. ఒక్కసారిగా గుంజడం, ఒళ్ళు అదిరిపడటం, బరువులెత్తేవాళ్ళు భుజాల దగ్గరినుంచి తల పైకి లేపే ఊపు, అమెరికావాళ్ళు వెధవని తిట్టే తిట్టు. వేగం పెరిగే తీరే ఉన్నట్టుండి మారిపోతే భౌతికశాస్త్రం వాళ్ళు ఆ మార్పుకు కూడా అదే పేరు పెట్టుకున్నారట. పేలికలుగా కోసి ఎండబెట్టిన మాంసానికీ అదే పేరు. అయితే అది వేరే మాట. దక్షిణ అమెరికా కొండజాతుల భాష నుంచి సముద్రం దాటి వచ్చి, ఇక్కడ దీని బట్టలు తొడుక్కుంది. ఇంకా వెనక్కి వెళితే కొరడా దెబ్బ. దానికీ వెనక ఇంకో పాత మాట ఉంది, యెర్క్ అని. బహుశా దానికి చుట్టమే. అది చెప్పులు కుట్టేవాళ్ళ మాట. కుట్టు వేశాక దారాన్ని ఒక్కసారిగా గుంజి బిగించడానికి వాళ్ళు పెట్టుకున్న పేరు. అంతకు ముందేమిటి? పుట్టుక నిశ్చయంగా తెలియదు. ఆ చప్పుడులోంచే పుట్టిందేమో.

చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర నా కలం ఆగిందని నాకొక జ్ఞాపకం. ఆ వాక్యం రాసి, కొట్టేసి, మళ్ళీ కింద రాశానని. నిజంగా జరిగిందో, తర్వాత నేను అల్లుకున్నదో చెప్పలేను. తెలియనిదాన్ని అయితే ఆగాల్సిన పనేముంది?

శనివారం చదివాను. నవ్వించాలని తిట్టుతో మొదలుపెట్టాను. బరువులూ బస్సులూ మాంసమూ కొరడా అయ్యాక చివర ఆ వాక్యానికి వచ్చాను. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. నేను చదవడం పూర్తి కాగానే వెనక బెంచీ లేచింది.

"అయితే సార్, మన గేటు పక్కన గొడుగేసుకు కూర్చునే చెప్పుల తాత కూడా ఇంగ్లీషు లెక్చరరే అన్నమాట!"

"నీ ఎమ్మే ఆయన దగ్గర చెయ్యరా!" అని ఇంకొకడు.

తరగతి గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. తక్కిన వాటి మీద ఎన్ని అనుమానాలున్నా ఈ ఒక్కటీ నాకు ఖాయంగా తెలుసు. నవ్వాను.

మాస్టారు నవ్వలేదు, కోప్పడలేదు. "చివరి వాక్యం మళ్ళీ చదువమ్మా" అన్నారు. చదివాను. "మరొక్కసారి." మూడోసారికి నవ్వు ఎక్కడా మిగల్లేదు. ఆయన వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి, వాటిని ఎవరివో అన్నట్టు చూసుకున్నారు. బయట గంట మోగింది. నా చేతిలో కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

ఇంటికి వెళ్ళేసరికి నాయనమ్మ వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. జరిగింది సరదాగానే చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"మీ మాస్టారంటే మన చెప్పుల పెద్దోడి కొడుకేగా? హాస్టల్లో ఉండి చదువుకున్నోడు?"

నా కాళ్ళ కింద బస్సు బ్రేకు పడ్డట్టయింది. "నాకెందుకు చెప్పలేదు నాయనమ్మా?"

"చెప్పకపోవడమేంది? నువ్వు కాలేజీలో చేరినప్పుడే చెప్పా. ఇదే వసారాలో. అన్నం తింటా ఊఁ అన్నావు."

"నేనా? ఊఁ అన్నానా?"

"అన్నావు. మజ్జిగ కూడా అడిగావు."

మజ్జిగ అడగడం గుర్తులేదు. ఊఁ అనడం గుర్తులేదు. కానీ నాయనమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. చెవిలోంచి లోపలికి వెళ్ళిన మాట అక్కడ ఎక్కడో కూర్చుని ఉందా? లైబ్రరీలో నా కలాన్ని ఆపింది అదేనా? అది తెలిసే, తెలియనట్టు తరగతిలో నవ్వానా?

పెద్దోడు అని మా ఊళ్ళో అందరూ పిలిచిన ఆ మనిషి నాకు బాగా తెలుసు. ఊరి చివర, మేం పల్లె అని పిలిచే విడి వాడలో ఉండేవాడు. మా ఇంటిల్లిపాదికీ చెప్పులు ఆయనే కుట్టేవాడు. నా ఆరేళ్ళప్పుడు పెరటి గుమ్మం అవతల నిలబడి, "కాస్త ఆ మెత్తటి మట్టిలో కాలెయ్యండి చిన్నమ్మగారూ, కదలమాకండి" అనేవాడు. నేను కాలు తీశాక గొంతుక్కూర్చుని, మట్టిలో పడిన నా అడుగును పుల్లతో కొలుచుకునేవాడు. కాలిని తాకేవాడు కాదు. తాకకూడదని ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేనంతగా అది అందరికీ తెలుసు. యాభై దాటిన ఆయన్ని ఆరేళ్ళ నేను 'నువ్వు' అనేదాన్ని. "నా చెప్పులు ఎప్పుడు తెస్తావ్?" అని దబాయించేదాన్ని. అడుగు మాత్రమే కొలిచి కుట్టినా ఆ చెప్పులు ఒక్కసారి కూడా కాలు కరవలేదు.

ఆ వారం కాలేజీకి వెళ్ళడం ఎలా ఉందో చెప్పలేను. మాస్టారు మామూలుగానే పాఠం చెప్పారు. నా వైపు ప్రత్యేకంగా చూడలేదు, చూడకుండానూ లేరు. ఎవరికీ చీటీ ఇవ్వలేదు.

శనివారం చివరి గంటకు ఆయన ఒక్కరే రాలేదు. వెనక ఒక ముసలాయన, భుజాన గోనెసంచి. ముసలాయన గుమ్మం దగ్గర ఆగి చెప్పులు విడవబోయాడు.

"వేసుకునే రా నాన్నా" అన్నారు మాస్టారు.

ఆ పిలుపుకు తరగతి ఉలిక్కిపడింది. బెంచీలు కిర్రుమన్నాయి. నా పక్కనున్న అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది. వెనక బెంచీవాడి ముఖం చూడాల్సింది.

కుర్చీ చూపిస్తే ముసలాయన కూర్చోలేదు. "కుర్చీలో నా పని సాగదయ్యా" అని వేదిక మీదే నేలన చతికిలబడ్డాడు. సంచిలోంచి తోలు ముక్క, తోలుకు బెజ్జాలు పొడిచే చెక్కపిడి ఆరె, మైనం పట్టించిన దారం తీశాడు. తలెత్తి మా అందరినీ ఒకసారి కలయజూసి నా దగ్గర ఆగాడు.

"మీరు ఇక్కడున్నారా చిన్నమ్మగారూ! ఇంట్లో అంతా కులాసాయేనా?"

అరవైమంది చూస్తున్నారు. నేను లేచి నిలబడ్డాను. ఊళ్ళో అయితే 'ఆ, బాగున్నాం, నువ్వు?' అని ఉండేదాన్ని. నోట్లో ఆ మాట తయారుగానే ఉంది. దాన్ని మింగి, "బాగున్నామండీ. మీరు బాగున్నారా?" అన్నాను. ఆయన చేతిలో ఆరె ఒక్క క్షణం ఆగింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని 'మీరు' అనడం అదే మొదలు. మాస్టారు బోర్డు తుడుస్తున్నారు. చూశారో లేదో తెలియదు.

అప్పుడు మాస్టారు మేమెవరమూ ఊహించని పని చేశారు. బూటు లేసు విప్పి, మేజోడు తీసి, తండ్రికి ఎదురుగా నేల మీద కూర్చుని పాదం ముందుకు చాపారు. ముసలాయన ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తొడ మీద పెట్టుకుని, వేళ్ళతో జానలు వేసి, మడమ నొక్కి చూసి కొలుచుకున్నాడు. మట్టిలో పుల్లతో కాదు, చేతుల్తో. నేను అంతవరకూ చూడని కొలత అది.

"ముప్పై ఏళ్ళయింది వీడి కాలు కొలిచి" అన్నాడు మాతో. "బూట్లేసుకుంటే చాలు దొరయిపోయాడనుకుంటాడు. వేళ్ళు చూడండి, నలిగి ఎట్టా అయినయ్యో."

తరగతి నవ్వింది. ఈసారి నవ్వు వేరు. మాస్టారూ నవ్వారు.

ముసలాయన తోలును కాలివేళ్ళ మధ్య ఇరికించి ఆరెతో బెజ్జం పెట్టాడు. "ఈ కొస అటు పోవాల, ఆ కొస ఇటు రావాల. ఒక్క బెజ్జంలో రెండూ ఎదురెదురు. వచ్చినయ్యా? ఇప్పుడు చూడండి." కొసలు రెండూ పిడికిళ్ళకు చుట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆగాడు. మోచేతులు పక్కలకు విసిరాడు.

టప్.

అదే చప్పుడు. అవే మోచేతులు. జవాబు పత్రాల కట్ట నడుం సన్నబడే చప్పుడు. రెండేళ్ళుగా మేం వెక్కిరించింది ఎవరినో మాకు అప్పుడు తెలిసింది. వెనక బెంచీ వైపు తిరిగి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"ఈ గుంజు లేకపోతే అది కుట్టు కాదు, బెజ్జంలో దారం. నెల తిరక్కుండా నోరు తెరుస్తది" అన్నాడు ముసలాయన.

వెనకనుంచి చిన్న గొంతు వచ్చింది. "ఎంత గట్టిగా గుంజాల తాతా?"

"తెగడానికి వెంట్రుకవాసి ముందు ఆపాల."

"అది ఎట్టా తెలుస్తది?"

"నాలుగు తెంపితే తెలుస్తది. రా, తెంపు."

వెనక బెంచీవాడు వచ్చాడు. మొదటి గుంజుకే దారం తెంపాడు. రెండోదానికి అరచేయి కోసుకున్నాడు. ముసలాయన తన అరచేతికి చుట్టుకున్న తోలు పట్టీ విప్పి వాడికి చుట్టాడు. "మీ మాస్టారుకీ ఇట్టాగే కోసుకుపోయేది. సెలవలకొచ్చినప్పుడు నాతో కూర్చునేవాడు. ఏడవమాకరా అంటే ఇంకా ఏడిచేవాడు." మాస్టారు తన కుడి అరచేయి మాకు చూపించారు. చిటికెనవేలి కింద అడ్డంగా తెల్లటి గీత. సుద్దముక్క పట్టుకునే చేతిలో, ఇన్నాళ్ళూ మా కళ్ళ ముందున్న గీత.

అప్పుడు ఆయన లేచి, ఒక కాలికి బూటు, ఒక కాలు ఒట్టిది, అలాగే నిలబడి మాట్లాడారు. ఆ మాటలు చాలావరకు నాకు గుర్తున్నాయి.

"దొరికినంతలో ఈ మాటకు బాగా పాత ఆనవాలు ఒక చెప్పులు కుట్టే ఆయన చేతుల్లో ఉంది. ఆయనది ఏ ఊరో తెలియదు, పేరు ఏ పుస్తకంలోనూ లేదు. కొరడా ఆ తర్వాత వచ్చింది. బరువులెత్తే వీరులూ, సూత్రాలు రాసే శాస్త్రజ్ఞులూ ఇంకా తర్వాత వచ్చారు. ఎండబెట్టిన మాంసం సంగతి పోయిన వారం విని మీరు ముఖాలు చిట్లించారు. మా ఇంట్లోనూ దండెం మీద ఎండేది, దాంతోనే నేను పెరిగాను. మా నాన్నకు ఈ మాట తెలియదు. ఈ మాటకు మాత్రం మా నాన్న తెలుసు."

ముసలాయన తలెత్తకుండా, "పాఠం తర్వాత చెబుదువులే, ఆ రెండో కాలు ఇటివ్వు" అన్నాడు.

నాకు ఆ గంటలో కలిగినదాన్ని ఇప్పటికీ సరిగా పేరు పెట్టి చెప్పలేను. కొన్ని వందల ఏళ్ళ కిందట, మేం ఎన్నడూ చూడని దేశంలో, చలికి ముడుచుకుని కూర్చున్న ఒక మనిషి మోచేతులు విసిరాడు. ఆ విసురు మాటగా మారి, ఓడలెక్కి, పుస్తకాలెక్కి, మా కాలేజీ లైబ్రరీలో ఒక పేజీలో దాక్కుంది. అదే విసురు ఇంకో దారిన, మాటే లేకుండా, తండ్రి నుంచి కొడుక్కి, చేతి నుంచి చేతికి మా ఊరి చివరి పల్లెలోనూ బతికింది. ఆ రెండూ ఒక శనివారం గుంటూరులో, మా కళ్ళ ముందు కలుసుకున్నాయి. చరిత్ర చదవాలని నేను నిర్ణయించుకున్నది ఆ తర్వాతే. అయినా దాన్ని ఆ ఒక్క రోజు ఖాతాలో వేయడానికి నాకు సంకోచమే. మనుషులు అంత చక్కగా ఒక్కరోజులో మారరు.

నాలుగు రోజులకు స్టాఫ్‌రూముకు వెళ్ళాను. ఆయన ఒక్కరే ఉన్నారు, జవాబు పత్రాలు సర్దుకుంటూ.

"సార్, ఆ రోజు నాకు తెలియదు..." అని మొదలుపెట్టాను. సగంలో నాయనమ్మ చెప్పిన ఊఁ గుర్తొచ్చి ఆగిపోయాను. "తెలియదనే అనుకుంటున్నాను" అన్నాను.

ఆయన కళ్ళు మెరిశాయి. "ఈ వాక్యం బాగుంది. నిఘంటువు రాసేవాళ్ళు రాసినట్టుంది. చూడమ్మా, వాళ్ళు ఒక్క మాట కోసం ఏళ్ళ తరబడి వెతుకుతారు. దొరక్కపోతే 'పుట్టుక తెలియదు' అని అచ్చు వేస్తారు, అంత పెద్ద పుస్తకంలో, అందరూ చూసేలా. నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే గౌరవం ఆ రెండు మాటల మీదే."

నాకు కాస్త ధైర్యం వచ్చింది. "ఆ చీటీ నాకే ఎందుకిచ్చారు సార్? నేను మీ ఊరిదాన్నని తెలుసు కదా మీకు?"

ఆయన పురికొస తీసుకుని కట్ట చుట్టూ తిప్పి ముడి వేశారు. కొసలు పిడికిళ్ళకు చుట్టుకున్నారు. టప్.

"వంతు ప్రకారం వచ్చింది" అన్నారు. నేను గుమ్మం దాకా వెళ్ళాక వెనకనుంచి, "ఆ పేజీ దానంతట అదే తెరుచుకుందా?" అని అడిగారు.

"తెరుచుకుంది సార్."

"ఊఁ" అన్నారు. అంతే. ఆ ఊఁ ఎలాంటిదో కూడా నాకు తెలియదు.

ఆ తర్వాత ఆయన బూట్లు వేసుకోవడం మానేశారు. వేదిక మీద మొదలైన ఆ జత పూర్తయి వచ్చింది, కిర్రు చెప్పులు. వరండా అవతలి చివర ఆయన అడుగు పడగానే కిర్రు, కిర్రుమని మాకు వినబడేది. ఎవరూ దాన్ని వెక్కిరించలేదు. వెనక బెంచీవాడు సంచి పట్టీ విసరడం మానలేదు గానీ, ఇప్పుడు నవ్వించడానికి కాదు. చప్పుడు సరిగ్గా వస్తోందో లేదో చూసుకునేవాడు.

నేను యూనివర్సిటీలో చదువుతున్న రోజుల్లో, రెండువేలు దాటాక, ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికి పెద్దాయన పోయారు. మాస్టారు వసారాలో నేలన కూర్చుని, ఆరె పట్టుకుని తన చెప్పు అడుగు అట్ట మార్చుకుంటున్నారు. ప్రైమరీ స్కూల్లో పనిచేసే ఆయన భార్య, మేమంతా టీచరుగారు అని పిలిచే ఆమె, టీ తెస్తూ విసుక్కుంది.

"కాలేజీలో పుస్తకాలు, ఇంట్లో తోళ్ళు. కొత్తవి కొనుక్కోండంటే వినరమ్మా, నువ్వన్నా చెప్పు."

"పైకుట్టు నాన్నది. అది ఊడలేదు. ఊడినప్పుడు చూద్దాం" అన్నారాయన. తర్వాత దారం చూపించి నాతో, "తెగేముందు ఆగడం నాకింకా పూర్తిగా రాలేదమ్మా" అన్నారు. చేతి కింద రెండు తెగిన ముక్కలు ఉన్నాయి.

భూస్థాపన రోజు వాళ్ళింటి ముందు చెప్పులు కుప్పలుగా పడి ఉన్నాయి. పాత విద్యార్థులే వందమంది ఉంటారు. లోపల పాటలు పాడుతున్నారు. గుమ్మానికి ఒక పక్కగా ఆయన కిర్రు చెప్పులు మాత్రం విడిగా ఉన్నాయి. అంత తొక్కిసలాటలోనూ ఎవరూ వాటి మీద కాలు వేయలేదు. మా వెనక బెంచీవాడు వంగి, రెండు చేతుల్తో తీసి, బయటికి వెళ్ళే మనిషి కోసం పెట్టినట్టు ముందు భాగం వాకిలి వైపు తిప్పి పెట్టాడు. జుట్టు నెరిసింది వాడికి. లేచి నిలబడి, "పైకుట్టు చూడు, ఒక్కటి వదల్లా" అన్నాడు.

అన్నీ అయ్యాక టీచరుగారు నన్ను లోపలికి పిలిచి ఒక కాగితాల కట్ట చేతిలో పెట్టారు. "మాట గంటలో మీరంతా చదివిన కాగితాలంట. ఒక్కటీ పారేయలేదు. ఎవరివి ఏవో నాకేం తెలుసు? నువ్వు తీసుకెళ్ళు."

కట్ట ఇప్పుడు నా బల్ల మీద ఉంది. అందులో ఎక్కడో నాలుగు మడతల నా కాగితం ఉంటుంది. ఆ వాక్యం నేను రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి ఉంటే, నాకు తెలుసన్నమాట. ఒక్క కొట్టివేతా లేకుండా నీటుగా ఉంటే, బహుశా తెలియదు. నేను ఇప్పుడు ఒక కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. ఆధారం చూడకుండా ఏదీ అనొద్దని ఏటా కొత్త పిల్లలకు చెబుతాను. ఆధారం జానెడు దూరంలో ఉంది. రెండుసార్లు ముడి మీద గోరు పెట్టాను. రాలేదు. కత్తెర సొరుగులో ఉంది, తీయలేదు. భయమే, ఇంకేం కాదు.

అసలు ఆయన ఆ చీటీ వంతు ప్రకారం ఇచ్చారా? లేక ఎన్నో ఏళ్ళు ఆ పేజీ తానొక్కరే తెరుచుకుని చూసి, చివరికి ఇంకో కొస పట్టుకోవడానికి మా ఇంటి పిల్లనే ఎంచుకున్నారా? అది ఏ కాగితంలోనూ ఉండదు. ఆ రోజు నేను తెలిసి చదివానో తెలియక చదివానో ఇవాళ్టికీ తేల్చుకోలేదు. ఈ కట్ట విప్పాలో వద్దో కూడా తేల్చుకోలేదు.

పురికొస కాగితాల అంచుల్లోకి దిగి ఉంది. ఆయన చివరిసారి బిగించినప్పటి నడుం అలాగే సన్నగా ఉంది. ఒక్క కాగితం కూడా కదలడం లేదు.